బోధన్ కాంటా గదిలో ఓడీబీసీ

మాది రెంజల్. నిజాంసాగర్ నీళ్లతో పండిన మా చెరుకంతా బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకే పోయేది. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబర్‌లో మూతబడింది. చెరుకు వెనక్కి తగ్గేకొద్దీ మా దిక్కు వడ్లు పెరిగాయి. అందుకే నేను డేటాబేస్ పని నేర్చింది చక్కెర లెక్కల్లో కాదు, బోధన్‌లో ఒక రైస్ మిల్లు కాంటా గదిలో.

ఆ మిల్లు లెక్కలన్నీ యాక్సెస్ 97లో చేసిన ఒక్క ఎండీబీ ఫైల్లో ఉండేవి. కాంటా దగ్గర ఒకరు, గోదాంలో ఒకరు, ఆఫీసులో ఒకరు ఆ ఫైలునే తెరిచేవాళ్లు. అక్కడ సర్వర్ అనేది ఏదీ లేదు. ఎవరి కంప్యూటర్ వాళ్లకు కావలసిన పేజీలను ఫైల్లోంచి తానే లాక్కొని, తానే రాసేది. రాస్తున్నప్పుడు కరెంటు పోయిందా, ఫైలు పాడయ్యేది. బోధన్‌లో ఎండాకాలం కరెంటు ఎట్లుండేదో చెప్పనక్కర్లేదు. రిపేరు చేస్తే ఒక్కోసారి తెరుచుకునేది, లేకుంటే కార్బన్ కాపీ చిట్టీలు ముందేసుకొని ఆ రోజు లెక్కంతా మళ్లీ కొట్టడమే.

దీనికి మందు, అంటే డేటాను ఒక సర్వర్‌కు అప్పగించి అందరూ దాన్నే అడగడం, అప్పటికే సిద్ధంగా ఉంది, మా దాకా రావడమే ఆలస్యం. డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్ 1974లోనే ఐబీఎంలో పుట్టింది. అయితే ఒరాకిల్ డేటాబేస్‌తో మాట్లాడే ప్రోగ్రాం సైబేస్ డేటాబేస్‌తో మాట్లాడలేకపోయేది, ఎవరి దారి వాళ్లది. అమ్మకాల్లో కొట్టుకునే కంపెనీలే ఎస్‌క్యూఎల్ యాక్సెస్ గ్రూప్ పేరుతో కూర్చొని, డేటాబేస్‌ను పిలిచే పద్ధతి అందరికీ ఒక్కటే ఉండాలని ఒప్పుకున్నాయి. ఆ దారిలోనే మైక్రోసాఫ్ట్ 1992 సెప్టెంబర్‌లో ఓడీబీసీని, అదే ఏడాది నవంబర్‌లో యాక్సెస్ మొదటి వెర్షన్‌ను తెచ్చింది. డ్రైవర్ మారిస్తే చాలు, అదే ఫారం వేరే డేటాబేస్‌తో పనిచేస్తుంది. నా దృష్టిలో ఎస్‌క్యూఎల్ తర్వాత మా వృత్తికి జరిగిన పెద్ద మేలు ఇదే.

మా మిల్లులో ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 తాలూకు ఉచిత రూపం ఎంఎస్‌డీఈని పెట్టారు. ఒక్కో డేటాబేస్ 2 జీబీ దాటకూడదు. వడ్ల చిట్టీలకు అది ఎక్కువే. కంట్రోల్ ప్యానెల్‌లో సర్వర్ ఆచూకీ చెప్పే డీఎస్ఎన్ రాసి, యాక్సెస్‌లో టేబుళ్లను లింక్ చేశాం. టేబుల్ పేరు పక్కన చిన్న భూగోళం బొమ్మ వచ్చింది. గుమస్తాలకు కనిపించే తెరలు మాత్రం మారలేదు.

మొదటి పొద్దే కాంటా గుమస్తా పరుగెత్తుకొచ్చి, “అన్నా, ఇప్పుడే కొట్టిన చిట్టి మాయమైంది” అన్నాడు. చూస్తే గడులన్నింటిలో ‘#డిలీటెడ్’. సర్వర్‌లో మాత్రం చిట్టి భద్రంగా ఉంది. లింక్ చేసిన టేబుల్‌ను తెరిస్తే యాక్సెస్ ముందు ఒక్కో వరుసను గుర్తుపట్టే కీలను మాత్రమే తెచ్చుకుంటుంది, తర్వాత ఆ కీలను చూపించి వరుసలను అడుగుతుంది. మా టేబుల్ తయారుచేసిన బయటి మనిషి బండి కాంటా ఎక్కిన సమయాన్నే కీగా పెట్టాడు. ఆ సమయాన్ని సర్వర్ తన గడియారం నుంచి తీసుకొని, సెకనులో 300వ వంతు దాకా రాసుకునేది. అప్పటి యాక్సెస్‌కు సెకను దాటి లెక్క తెలిసేది కాదు. అడిగిన సమయమూ ఉన్న సమయమూ కలవక, ఆ వరుస లేదనే జవాబు వచ్చేది. సర్వర్ తనంతట వేసే వరుస నంబర్‌ను కీగా మార్చి, టేబుల్‌ను మళ్లీ లింక్ చేశాక చిట్టీలు నిలిచాయి.

ఇదంతా ఎందుకు, యాక్సెస్ 2000తో వచ్చిన ఏడీపీ ప్రాజెక్టులు పెట్టుకోండి అని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. అందులో యాక్సెస్ సొంత జెట్ ఇంజిన్ లేదు, లింకుల గొడవ లేదు, నేరుగా ఎస్‌క్యూఎల్ సర్వర్‌తోనే పని. కాని ఆ ఒక్క సర్వర్ తప్ప మరొకటి పనికిరాదు. మాకది నచ్చలేదు. యాక్సెస్ 2013లో మైక్రోసాఫ్టే ఏడీపీని తీసేసింది. వాటి మీద కట్టుకున్నవాళ్లు ఫారాలను తిరగరాసి ఓడీబీసీ లింకుల్లోకే రావాల్సివచ్చింది. ఒక్క దుకాణానికే ముడిపడ్డది ఆ దుకాణం వద్దనుకోగానే పోయింది, పోటీదారులు కలిసి ఒప్పుకున్నది మిగిలింది.

బోధన్, రెంజల్ వైపు మిల్లుల్లో ఇంకా పాత ఎండీబీ ఫైళ్లతో నెట్టుకొస్తున్నవాళ్లకు ఒక మాట. ఆ ఫైలుకూ హద్దుంది, యాక్సెస్ 97లో 1 జీబీ, యాక్సెస్ 2000 నుంచి 2 జీబీ. అక్కడి దాకా ఆగకుండా టేబుళ్లను సర్వర్‌లోకి మార్చి, ఫారాలను లింక్ చేయండి. ప్రతి టేబుల్‌కూ అంకె కీ పెట్టండి, తేదీని మాత్రం కీగా పెట్టకండి.