వెయిట్‌లిఫ్టింగ్‌లో డోపింగ్: ఉత్తరాంధ్ర అనుభవం

డోపింగ్ అంటే క్రీడాకారులు నిషేధిత మందులతో శరీర సామర్థ్యాన్ని పెంచుకోవడం, లేదా ఆ వాడకం బయటపడకుండా దాచడం. ప్రపంచంలో ఈ మచ్చ ఎక్కువగా పడిన క్రీడలు సైక్లింగ్, వెయిట్‌లిఫ్టింగ్. వీటిలో రెండోది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఎంతో దగ్గరి క్రీడ. డోపింగ్ వల్ల భారత వెయిట్‌లిఫ్టింగ్ మీద పడిన నిషేధాలు, జరిమానాల బరువును ఏ తప్పూ చేయని లిఫ్టర్లూ మోయాల్సి వచ్చింది. 2014లో విజయనగరం జిల్లా క్రీడాకారిణి మత్స సంతోషి పతకం రంగు మారడానికి కారణం కూడా ఒక డోపింగ్ కేసే.

నేపథ్యం

ఉత్తరాంధ్రలో బలప్రదర్శనకు పాత చరిత్రే ఉంది. ‘కలియుగ భీముడు’గా పేరుపొందిన కోడి రామ్మూర్తినాయుడిది వీరఘట్టం. శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర సాధన మొదలుపెట్టి, 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచారు. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే.

మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది సిడ్నీలోనే. అక్కడ 48 కిలోల విభాగంలో గెలిచిన బల్గేరియా లిఫ్టర్ ఇజబెలా డ్రగ్నెవా డోపింగ్ పరీక్షలో దొరికిపోయారు. ఒలింపిక్ మహిళల వెయిట్‌లిఫ్టింగ్ చరిత్రలో తొలి స్వర్ణమే అలా చేతులు మారి అమెరికాకు చెందిన తారా నాట్‌కు దక్కింది.

మందులు, వాటి పనితీరు

వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎక్కువగా పట్టుబడేవి కండను పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు. సైక్లింగ్‌ను కుదిపేసిన మందు ఈపీఓ. అది రక్తంలో ఎర్రకణాలను పెంచి, కండరాలకు అందే ఆక్సిజన్‌ను ఎక్కువ చేస్తుంది. మూత్రం ఎక్కువగా పోయించే డైయూరెటిక్స్ కూడా నిషేధిత జాబితాలో ఉన్నాయి. తక్కువ బరువు విభాగంలో పోటీ చేయడానికి ఇవి ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. మూత్రాన్ని పలచన చేసి మిగతా మందుల జాడ తెలియకుండా చేస్తాయి.

భారత జట్టుపై నిషేధాలు

2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సమయంలో సనమాచా చాను, ప్రతిమాకుమారి పరీక్షల్లో దొరికారు. చాను 53 కిలోల విభాగంలో సాధించిన నాలుగో స్థానం రద్దయింది. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడ్విన్ రాజు, తేజిందర్ సింగ్ పట్టుబడ్డారు. ఒక దేశంలో ఇలాంటి కేసులు పెరిగితే ఆ దేశ సమాఖ్యనే సస్పెండ్ చేసే అధికారం అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్యకు ఉంది. ఆ కారణంగా భారత్ మీద ఏడాది నిషేధం పడింది. అదే ఏడాది దోహా ఆసియా క్రీడలకు మన లిఫ్టర్లు వెళ్లలేకపోయారు.

2009లో మరో ఆరుగురు దొరకడంతో మళ్లీ నిషేధం ముంచుకొచ్చింది. 5 లక్షల డాలర్ల జరిమానా కడితే గానీ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సొంత గడ్డ మీద పోటీ చేసే వీలు లేకపోయింది.

గ్లాస్గో, 2014

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లకు పేరున్న ఊరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 జులైలో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొత్తం 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచారు. 196 కిలోలతో మొదటి స్థానం నైజీరియాకు చెందిన 16 ఏళ్ల చికా అమలహాది. ఆమె నమూనాలో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ అనే డైయూరెటిక్స్ బయటపడ్డాయి. రెండో నమూనాలోనూ అదే తేలడంతో స్వర్ణం వెనక్కి తీసుకున్నారు. పాపువా న్యూగినీకి చెందిన డికా తౌవాకు స్వర్ణం, సంతోషికి రజతం, నాలుగో స్థానంలో ఉన్న స్వాతి సింగ్‌కు కాంస్యం దక్కాయి.

సైక్లింగ్‌తో పోలిక

1998 టూర్ డి ఫ్రాన్స్‌కు ముందు ఫెస్టినా జట్టు కారులో పెద్ద మొత్తంలో మందులు దొరికాయి. ఆ కలకలం తర్వాతే, 1999 నవంబర్‌లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, వాడా ఏర్పడింది. 1999 నుంచి 2005 వరకు వరసగా ఏడుసార్లు టూర్ గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టైటిళ్లను 2012 అక్టోబర్‌లో రద్దు చేశారు. ఆయన వెనక నిలిచిన వారిలో పలువురిపైనా డోపింగ్ మచ్చలు ఉండటంతో ఆ టైటిళ్లను ఎవరికీ ఇవ్వలేదు. ఏడేళ్ల టూర్‌కు నేటికీ విజేత లేరు. సంతోషికి న్యాయం కొద్ది రోజుల్లోనే జరిగింది. ఆ కాలంలో నిజాయితీగా తొక్కిన సైక్లిస్టులకు అదీ దక్కలేదు.

అంతర్జాతీయ సమాఖ్యలో అక్రమాలు

వెయిట్‌లిఫ్టింగ్‌లో తప్పు ఆటగాళ్లతో ఆగలేదు. అంతర్జాతీయ సమాఖ్యను చాలాకాలం నడిపిన తమాస్ అయాన్ 2020 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. జూన్‌లో వెలువడిన మెక్‌లారెన్ నివేదిక 40 డోపింగ్ కేసులను దాచిపెట్టారని, కోటికి పైగా డాలర్లకు లెక్క లేదని తేల్చింది. దేశాలు నగదుగా కట్టిన డోపింగ్ జరిమానాలు అధ్యక్షుడి చేతికే వెళ్లేవని కూడా బయటపడింది. ఈ క్రీడపై పడిన డోపింగ్ మచ్చ వల్ల ఒలింపిక్స్‌లో లిఫ్టర్ల స్థానాలు రియోలో 260 ఉండగా టోక్యోలో 196కు, పారిస్‌లో 120కి తగ్గాయి. పల్లెల్లో ఒలింపిక్స్ కలతో సాధన చేసే ప్రతి పిల్లకూ దారి అంతమేర ఇరుకైంది.

చట్టం, పరీక్షలు

జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, నాడా 2005లో ఏర్పడింది. 2019 ఆగస్టులో ఢిల్లీలోని జాతీయ పరీక్షశాల గుర్తింపును వాడా సస్పెండ్ చేసింది. 2021 డిసెంబర్‌లో గానీ అది తిరిగి రాలేదు. జాతీయ డోపింగ్ నిరోధక చట్టం 2022లో వచ్చింది. 2024లో నాడా పరీక్షించిన 7,113 నమూనాల్లో 260 పాజిటివ్‌గా తేలాయి. ఎక్కువ నమూనాలు పరీక్షించే దేశాల్లో ఇది అతి చెడ్డ రికార్డు.

నిబంధన ప్రకారం ఒంట్లో ఏ మందు దొరికినా బాధ్యత క్రీడాకారులదే. ‘కోచ్ ఇచ్చారు, పొడిలో ఏముందో తెలియదు’ అన్న మాటతో తప్పు మాసిపోదు. కావాలని వాడినట్టు తేలితే మొదటిసారికే సాధారణంగా నాలుగేళ్ల నిషేధం పడుతుంది. నిషేధిత జాబితా ఏటా జనవరి 1న మారుతుంది.

ప్రాంతానికి పాఠం

సిక్కోలు పల్లెల్లో, నరసన్నపేట వంటి చిన్న పట్టణాల్లో పేదింటి పిల్లలకు క్రీడ అంటే పతకంతో పాటు రైల్వేలోనో, పోలీసు శాఖలోనో ఉద్యోగం మీద ఆశ కూడా. త్వరగా ఫలితం చూపిస్తామనే వారి మాటకు లొంగిపోయే ప్రమాదం ఆ ఆశలోనే ఉంది. పిల్లలకు మందులు అలవాటు చేసే శిక్షకులను, అమ్మేవారిని వదిలిపెట్టి పట్టుబడిన పిల్లల్ని మాత్రమే శిక్షిస్తే ఈ జాడ్యం పోదు. ఏ పొడి, ఏ మాత్ర వేసుకోవాలన్నా ముందు ఆ పేరును నిషేధిత జాబితాతో సరిచూసుకోవాలి. ఆ అలవాటు జిల్లా స్థాయి శిబిరాల నుంచే మొదలు కావాలి. అది పిల్లలకు నేర్పాల్సిన బాధ్యత కోచ్‌లది, తల్లిదండ్రులది, క్రీడాశాఖది.