వానకాలములో గుర్రాలకు నీడ: చిప్లూణుకు వెళ్ళిన వొక జాబు

మహారాష్ట్ర సోదరులకు గుఢీపాడ్వా, మనకు ఉగాది వొక్కనాడే రావడం యీ దేశంలో స్థిరపడిన తెలుగువారికి వొక భాగ్యము. చైత్రం ప్రవేశించగానే యిక్కడి రైతు యింటి కప్పు సర్దుకొంటాడు, గడ్డివామికి కంచె వేస్తాడు. మృగశిర కార్తెకు యింకా రెండు నెలల గడువుండగానే వానకు లెక్కలు మొదలవుతవి. సరిగా యీ లెక్కలను గురించే మూడువందల యాభై యేండ్ల క్రిందట శివాజీ మహారాజు వ్రాయించిన వొక జాబు వున్నది. దానిని మన సంచిక పాఠకులకు పరిచయం చేయడం మంచిదని తలచినాము.

మరాఠా రౌతుల శౌర్యాన్ని చదువనివారు లేరు. గాని ఆ రౌతుల గుర్రాలు జ్యేష్ఠం మొదలు ఆశ్వయుజం దాకా యెక్కడ నిలిచినవి, యేమి మేసినవి, వాటికి దాణా లెక్కపెట్టినవారెవరు అని అడిగేవారు తక్కువ. కత్తి పట్టినవాని పేరు చరిత్రలో నిలుస్తుంది, గడ్డిమోపు లెక్కవ్రాసినవాని పేరు నిలువదు. మేము గూడ్సు ఆఫీసులో లెక్కలు వ్రాసుకొనేవారము కాబట్టి మా చూపు సహజంగా ఆ రెండవవాని మీదికే పోయినది.

గుర్రం ఆరుబయట బ్రతుకగల జంతువే. పొడినేల, గాలి, మేత వుంటే దానికి గోడలు అక్కరలేదు. దక్కను గుర్రాలు దండు వెంట యెనిమిది నెలలు బయటనే వుండేవి. రాత్రివేళ ముందుకాళ్ళకు అగాడి, వెనుకకాళ్ళకు పిఛాడి తాళ్ళు కట్టి మేకులకు బిగించేవారు. అంతే లాయము. గాని కొంకణపు వాన వేరు. అక్కడ యేటా వంద అంగుళాలకు పైగా కురుస్తుంది. రోజుల తరబడి బురదలో నిలిస్తే గిట్టలు మెత్తబడి కుళ్ళుతవి. తడిసి బూజుపట్టిన గడ్డి తింటే కడుపుశూల వస్తుంది. ఒళ్ళు ఆరక జ్వరం పడుతుంది. కాబట్టి యెనిమిది నెలలు నీడ యెరుగని వేల గుర్రాలకు కొద్దిదినాలలో పైకప్పు, పొడినేల, నాలుగు నెలల మేత వొక్కమారే సమకూర్చవలసి వచ్చేది. యిది యేటేటా వచ్చే ఆపద.

యీ బాధ కొత్తది కాదు. గుర్రపుసాల కొలత గుర్రాల లెక్కను బట్టి వుండాలనీ, నేలపై చెక్కలు పరచాలనీ, మూత్రమూ పేడా పోవడానికి దారి వుండాలనీ, వొక్కొక్క గుర్రానికి వేరుగా మేతతొట్టె వుండాలనీ కౌటిల్యుని అర్థశాస్త్రం విధించినది. 15వ శతాబ్దంలో నికితిన్ అనే రష్యా వర్తకుడు వొక గుర్రాన్ని వోడమీద తెచ్చి చౌలు రేవులో దిగి, జున్నారులో వానకాలం గడిపినాడు. నాలుగు నెలలు రేయింబవళ్ళు నీళ్ళూ బురదేనని ఆయన వ్రాసినాడు. యిక్కడ గుర్రాలకు బఠానీలు పెడతారనీ, కిచిడీ వండి పెడతారనీ ఆశ్చర్యపడినాడు. మన తెలుగునాట గణపతిదేవుని మోటుపల్లి శాసనం (1244) పూర్వపు రాజులు గాలివానకు కొట్టుకువచ్చిన వోడలనుండి లాగుకొన్న సరుకులలో గుర్రాలను గూడా పేర్కొన్నది. మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని తెలుగు పద్యాలలో పెట్టినాడు. గుర్రమంటే అంత విలువ.

శివాజీ దండు కట్టుబాట్లను సభాసదు తన బఖరులో చెప్పినాడు. కృష్ణాజీ అనంత సభాసదు ఆ గ్రంథాన్ని 1690ల దశకంలో జింజీలో వ్రాసినాడు. ఆ జింజీ అంతకుముందు మన తెలుగు నాయకులు యేలిన కోటే. ఆయన లెక్క ప్రకారం సర్కారు గుర్రాల పాగాలో 25 గుర్రాలకు వొక హవల్దారు, అయిదుగురు హవల్దార్లపైన వొక జుమ్లేదారు, పదిమంది జుమ్లేదార్లపైన వొక హజారీ. ప్రతి 25 గుర్రాలకు నీళ్ళతిత్తి మోసేవాడొకడు, లాడాలు కొట్టేవాడొకడు. జుమ్లేదారుకు యేడాదికి 500 హొన్నులు, పల్లకి. అతని ప్రక్కనే లెక్కలు చూచే మజుందారుకు 100 మొదలు 125 హొన్నులు. వానకాలం రాగానే దండు స్వరాజ్యంలోని విడిదులకు తిరిగిరావాలి. అప్పటికే దాణా, గడ్డి, మందులు, మనుషులకు పాకలు, గుర్రాలకు కసవు కప్పిన లాయములు సిద్ధంగా వుండాలి. దసరాకు మరల బయలుదేరాలి. యిదీ చట్టము.

చట్టం వున్నంత మాత్రాన గడ్డి వుండదు. వొక జుమ్లాకు 125 గుర్రాలు. చిన్నపాటి దక్కను గుర్రానికి దినానికి ఆరు కిలోల యెండుగడ్డి అనుకొంటే జుమ్లాకు రోజుకు 750 కిలోలు. 120 రోజులకు 90 టన్నులు. దాణా దీనికి వేరు. గడ్డి బరువులో తేలిక, చోటులో పెద్ద. తూకం రాకముందే పెట్టె నిండిపోతుందని గూడ్సు షెడ్డులో పనిచేసిన ప్రతివానికీ తెలుసును. ఆ కాలంలో యిదంతా యెద్దులమీద, తలలమీద ఘాట్లు దిగి రావాలి. వాన పడిన తరువాత ఆ దారులే వుండవు. అందుచేత వైశాఖంలో లేనిది శ్రావణంలో రాదు.

యిక ఆ జాబు. శివాజీ పట్టాభిషేకం 1674లో జరిగినది. యీ జాబు ఆ దశకపు తొలి యేండ్లది. చిప్లూణు దగ్గర హలవర్ణలో విడిసిన దండు జుమ్లేదార్లకు, హవల్దార్లకు, కార్కూనులకు వ్రాసినది. దండు చిప్లూణులో విడిసినందున దాభోళు సుబాలో వానకాలానికి దాచిన సరుకు ఖర్చయిపోయినది. వూరివారికి గడ్డీ గాదమూ విషయంలో చాలా బాధ కలిగినది. యెండకాలం యింకా యిరవై దినాలున్నది. అయినా కార్కూనులు కోటలనుండీ అక్కడక్కడనుండీ దాణా, గడ్డి పోగుచేసి దండుకు ఏర్పాటు చేసినారు. జాబు యీ స్థితి చెప్పి మొదలవుతుంది.

తరువాత ఆజ్ఞ. వున్నది కదా అని యిష్టంవచ్చినట్లు దాణా పెట్టి గడ్డి తగలేస్తే నడివానలో అంతా అయిపోతుంది. అప్పుడు గుర్రాలు పస్తుంటవి, చస్తవి. వాటిని మీరే చంపినట్లు. అంతటితో ఆగదు. ఆకలిగొన్న దండు వూళ్ళ మీద పడుతుంది. వొకడు కుణబి యింట ధాన్యం తెస్తాడు, వొకడు రొట్టె, వొకడు గడ్డి, వొకడు కట్టెలు, వొకడు కూరాకు. ప్రాణం మాత్రమే మిగిలిన రైతు యిల్లు విడిచి పోతాడు. వీరికంటె మొగలులే నయమని జనం అనుకొంటారు. ఆ అపకీర్తి మీది అని మహారాజు హెచ్చరించినారు. కావలసినది బజారులో కొనుక్కోవాలి, యెవరిమీదా జులుం చేయరాదు.

చివరి భాగం నిప్పును గురించి. యీ శ్రద్ధ చూచి మేము నిజంగా విస్మయపడినాము. గడ్డివాముల దగ్గర పొయ్యి పెట్టేవారున్నారు, గాలి చూడకుండా చిలుము వెలిగించేవారున్నారు. వొక్క వామి అంటుకొంటే అన్నీ పోతవి, లాయములు పోతవి. తరువాత కుణబుల తలలు నరికినా, కార్కూనులను యెంత దండించినా వొక్క పుల్ల దొరకదు, వొక్క పాక లేవదు. రాత్రి దీపం ఆర్పకుండా నిద్రపోతే యెలుక వెలుగుతున్న వత్తిని లాగుకొనిపోయి గడ్డిలో నిప్పు పెట్టగలదని గూడా జాబులో వున్నది! రాజ్యాలు స్థాపించిన చేయి యెలుక తోకదాకా ఆలోచించినది.

యీ జాబులో గుర్రం మీద దయ వున్నది, రైతు మీద దయ వున్నది. రెండూ వేరువేరు కావు అన్నదే దాని సారము. గడ్డివాములో నష్టమయిన ప్రతి మోపును చివరికి యెవడో పేదవాడు తన చూరు పీకి కట్టవలసివస్తుంది. పైవాడు పారబోసిన లెక్క క్రిందివాడు తీర్చడం అప్పుడూ వున్నది, యిప్పుడూ వున్నది. దానికి మందు తరువాత విధించే శిక్ష కాదు, ముందు చేసే కొలత అని ఆ మహారాజు గ్రహించినారు.

మన వారికి దీనితో మరొక సంబంధమున్నది. 1677లో శివాజీ మహారాజు పెద్ద దండుతో గోలకొండ రాజ్యానికి వచ్చినారు. అప్పుడు అక్కన్న మాదన్నలు అక్కడ మంత్రాంగం నడుపుతున్నారు. తానాషాతో ఒప్పందం చేసుకొని, శ్రీశైలం దర్శించి, జింజీ వైపు సాగినారు. కుతుబ్‌షాహి నేలమీద రైతుల సొత్తు ముట్టరాదనీ, సరుకు వెలయిచ్చి కొనాలనీ కట్టడి చేసినట్లు సభాసదు చెప్పినాడు. చిప్లూణులో స్వజనానికి చేసిన న్యాయమే తెలుగు రైతుకూ దక్కినదన్నమాట.

చిప్లూణు నేడు 1998లో పూర్తిగా తెరచిన కొంకణ్ రైలుదారిలో వొక స్టేషను. 2021 జూలైలో వాశిష్ఠి నది పొంగి ఆ వూరిని ముంచినది. గుర్రాలు పోయినవి, వాన పోలేదు. వైశాఖంలో చేయవలసిన పని వైశాఖంలోనే చేయాలన్న మాటకు యిప్పటికీ వయసు మళ్ళలేదు.

షోలాపురంలో మగ్గం పట్టినవారు, బొంబాయిలో రాళ్ళు మోసి మేడలు కట్టిన కామాఠీలు, మావంటి చిన్నవుద్యోగులు, అందరమూ వొకరి వూరిలో విడిసినవారి సంతతివారమే. విడిసిన దండు ఆ వూరికి భారం కాకూడదన్నది మహారాజు కోరిక. మన పెద్దలు తమ కష్టార్జితంతో బ్రతికి, యీ గడ్డకు తమ పనితనం యిచ్చి, ఆ కోరికను చెల్లించినారు. మన పిల్లలకు కోటల పేర్లు నేర్పేటప్పుడు యీ గడ్డివాముల కథ గూడా చెప్పవలసినదిగా పాఠకులను కోరుతున్నాము. కొత్త సంవత్సరంలో వానలు వేళకు కురిసి, ప్రతి యింటి గాదె నిండి, మూగజీవానికి గూడా పొడినేల దొరకాలని ప్రార్థిస్తున్నాము.