లినక్స్‌కు కుదిరిన సౌండ్ కార్డు

1990లలో లినక్స్ వేసుకున్నవాళ్లకు సౌండ్ కార్డు కొనడం ఒక పరీక్ష. విండోస్‌లో హాయిగా పాడిన కార్డే లినక్స్‌లోకి రాగానే మూగనోము పట్టేది. లోపమంతా లినక్స్‌దేననీ, ఉచితంగా వచ్చేదానికి ఇంతకంటే ఏం ఆశిస్తామనీ అనుకోవడం అప్పట్లో పరిపాటి. ఆ కాలపు కార్డుల చరిత్ర వరసగా తిరగేస్తే నాకు మాత్రం వేరే కారణం కనిపిస్తుంది. ఏ కార్డు పలకాలో, ఏది పలకకూడదో చాలామటుకు తేల్చింది తయారీదారే. తన చిప్పుతో ఎలా మాట్లాడాలో బయటపెట్టినవాడి కార్డు పలికింది, దాచుకున్నవాడిది ఏళ్ల తరబడి పలకలేదు.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో తన లినక్స్ కెర్నెల్‌ను లోకానికి చూపించాడు. మరుసటి ఏడే హన్ను సవోలైనెన్ అనే మరో ఫిన్లాండ్ ప్రోగ్రామర్ దానికి సౌండ్ బ్లాస్టర్ డ్రైవర్ రాశాడు. ఆ కార్డే ఎందుకంటే, దాని గుట్టు అప్పటికే రట్టయింది. సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో దాన్ని విడుదల చేసినప్పుడు డాస్‌లో ధ్వని కోసం ఉమ్మడి డ్రైవర్ వ్యవస్థ లేదు. ప్రతి గేమూ కార్డులోని రిజిస్టర్లతో నేరుగా మాట్లాడుకోవాల్సిందే. కాబట్టి గేములు రాసేవాళ్లకు ఆ వివరాలు అందక తప్పలేదు. అది ఉదారత కాదు, వ్యాపార అవసరం. అలాగని అంతా నల్లేరు మీద నడకేమీ కాదు. ఐఓ చిరునామా 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అన్న అంకెలను కార్డు మీది పిన్నులకు తొడిగే చిన్న ప్లాస్టిక్ జంపర్లతో అమర్చి, అవే అంకెలను డ్రైవర్‌కూ చెప్పాలి. ఐఆర్‌క్యూ 7 దగ్గర వదిలేస్తే ప్రింటర్ పోర్టుతో పేచీ. చిరాకు పుట్టించే పనే, కానీ అంకెలన్నీ తెలిసినవి కాబట్టి ఓపిక ఉన్నవాడు గట్టెక్కేవాడు.

పీసీఐ కార్డులు వచ్చాక జంపర్ల బాధ పోయి పేర్ల బాధ మొదలైంది. 1998 నాటి సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డుకు ఇఎంయు10కె1 చిప్పు గుండెకాయ. క్రియేటివ్ 1999లో దాని లినక్స్ డ్రైవర్‌ను సోర్సుతో సహా ఇచ్చేసింది. సౌండ్ పరికరాన్ని ఒక ప్రోగ్రాం తెరిస్తే రెండోది కాచుక్కూర్చోవాల్సిన రోజుల్లో, అనేక ధ్వనులను తనలోనే కలిపే ఈ చిప్పు లినక్స్‌వాళ్లకు ముద్దొచ్చిందంటే వింత లేదు. అయితే తర్వాత వచ్చిన లైవ్ 24-బిట్‌లో ఉన్నది వేరే చిప్పు, సీఏ0106. సౌండ్ బ్లాస్టర్ పీసీఐ 128 లోపల ఉన్నది ఎన్సోనిక్ చిప్పు. డబ్బా మీది పేరు నమ్మినవాడు మోసపోయేవాడు. మరోవైపు ఎం-ఆడియో డెల్టా, టెర్రాటెక్ వంటి వేర్వేరు కంపెనీల కార్డుల్లో ఒకే ఎన్వీ24 చిప్పు ఉండేది. అందుకే తెలిసినవాళ్లు బ్రాండు అడగరు, చిప్పు నంబరు అడుగుతారు.

ఇదంతా అమ్మకాల లెక్కేనని, ఎక్కువమంది కొన్న కార్డుకే డ్రైవర్ వస్తుందని వాదించవచ్చు. కొంత నిజమే. కానీ అదే క్రియేటివ్ 2005లో తెచ్చిన ఎక్స్-ఫై సంగతి చూడండి. పేరుకు, ప్రచారానికి లోటు లేదు. అయినా సంస్థ 2008 నవంబరులో సోర్సు విడుదల చేసేదాకా, 2009లో అది 2.6.31 కెర్నెల్‌లో చేరేదాకా లినక్స్‌లో దానికి సరైన దిక్కు లేదు. స్టూడియోలకు తప్ప ఎవరికీ పట్టని జర్మనీ ఆర్ఎంఈ సంస్థ హామర్‌ఫాల్ కార్డుకు మాత్రం పాల్ డేవిస్ రాసిన డ్రైవర్ అంతకు ముందే ఉంది. అమ్మకాలే లెక్కయితే ఇది తారుమారై ఉండాలి.

మంచి సాఫ్ట్‌వేరే సమస్యను తీర్చిందని మరో మాట. చెక్ దేశీయుడు యారోస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ డ్రైవర్‌తో మొదలుపెట్టిన పని ఆల్సా అనే ధ్వని వ్యవస్థగా ఎదిగి, 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌లో పాత వ్యవస్థ స్థానం ఆక్రమించింది. ధ్వనులను కలిపే పనిని సాఫ్ట్‌వేరే చేయడంతో ఖరీదైన చిప్పు అక్కర కూడా తీరింది. ఇది గొప్ప మేలు. కానీ ఎక్స్-ఫై మూగగా ఉన్నది ఆల్సా రాజ్యమేలుతున్న ఆ ఏళ్లలోనే. చిప్పును తవ్వి గుట్టు లాగిన స్వచ్ఛంద ప్రోగ్రామర్లూ ఉన్నారు. వాళ్ల పట్టుదలకు దండం పెట్టాలి, కాకపోతే ఆ తవ్వకం ముగిసేసరికి కార్డు బజారులోంచే మాయం కావచ్చు.

ఇప్పుడు కార్డు ఎంచుకునే బాధే చాలామందికి లేదు. ఇంటెల్ 2004లో హెచ్‌డీ ఆడియో ప్రమాణాన్ని బహిరంగంగా ప్రకటించడంతో మదర్‌బోర్డుల మీది ధ్వని దారికొచ్చింది. తరచూ సరిగా రాసి ఇవ్వనిది ఒకటి మిగిలింది: ఏ ల్యాప్‌టాప్‌లో ఏ పిన్ను స్పీకరుకు, ఏది మైకుకు కలిపారన్నది. దాని ఫలితంగా రియల్‌టెక్ చిప్పుల డ్రైవర్‌లో ఫలానా మోడలుకు ఫలానా మరమ్మతు అంటూ వరసలు చాంతాడంత పెరిగాయి. ఇక రికార్డింగ్ చేసేవాళ్లు వెతికేది యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే పరికరం. అదనపు డ్రైవర్ లేకుండా ఐప్యాడ్‌తో పనిచేస్తుందని డబ్బా మీద ఉంటే, లినక్స్ పేరు లేకపోయినా సాధారణంగా ధ్వని వస్తుంది. ఆ పరికరంలోని మిక్సర్ మీటలు విండోస్, మ్యాక్ ప్రోగ్రాములకే లొంగేవైతే మాత్రం, వాటి కోసం మళ్లీ ఎవరో ఒకరు తవ్వాల్సిందే.