రెండో రింగు దాకా ఆగండి

మా అమ్మాయి తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తదు. తెర వైపు ఓసారి చూసి బోర్లా పెట్టేస్తుంది. మొన్న అలాగే మోగీ మోగీ ఆగిపోతే, "ఎవరో ఏమిటో, ఎత్తొచ్చు కదే" అన్నాను. "కావాల్సినవాళ్లయితే మెసేజ్ పెడతారులే అమ్మా" అంది. దాని మాటలో తప్పేం లేదు. కానీ నాకు మాత్రం ఆ రోజంతా మా నాన్న, మా అక్క, మా పుట్టింటి హాల్లో స్టూలు మీద ఉండే ఫోను గుర్తొస్తూనే ఉన్నాయి.

ఎత్తకముందే ఎవరు చేస్తున్నారో తెలియడం ఇవాళ మనకి మామూలైపోయింది. పాతికేళ్ల క్రితం అది అర్జీ పెట్టి, నెలనెలా డబ్బు కట్టి తెచ్చుకునే సౌకర్యం. ఆ కాలర్ ఐడీ కథా, దాంతో ముడిపడ్డ మా ఇంటి కథా ఇవాళ చెప్తాను.

నిజానికి ఫోను పుట్టిన తొలిరోజుల్లో ఎవరు చేస్తున్నారో చెప్పడానికి ఒక మనిషే ఉండేది. మన దేశంలో 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తెరిచారు. ఫోను ఎత్తితే ముందు ఆపరేటరు పలికేది. ఎవరు కావాలో చెప్తే బోర్డు మీద తీగ గుచ్చి కలిపేది. అంటే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఊరంతటిలో ఆవిడకే తెలుసు.

అమెరికాలో కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అని అంత్యక్రియల వ్యాపారం చేసే ఆయన ఉండేవాడు. తనకి రావాల్సిన ఫోన్లని ఆపరేటరు పోటీవాడికి కలిపేస్తోందని ఆయనకి అనుమానం అని చెప్పుకుంటారు. ఆ కోపంతోనో ఏమో, మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే కలిసే ఎక్స్ఛేంజి కనిపెట్టి 1891లో పేటెంటు తీసుకున్నాడు. ఒక అనుమానం ఎంత దూరం పోతుందో చూడండి! మన దేశంలో అలాంటి మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో పెట్టారు. ఊరికీ ఊరికీ మధ్య మనమే నేరుగా నంబరు తిప్పుకునే ఎస్టీడీ 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైంది.

నా చిన్నతనంలో కూడా ట్రంకాల్ ఉండేది. 180కి చేసి బుక్ చేసుకుని, ఎప్పుడు కలుస్తుందా అని గంటలకొద్దీ కూర్చునేవాళ్లు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని రేట్లు వేరే. అయితే ఒక సుఖం ఉండేది. "ఒంగోలు నుంచి ట్రంకాల్, మాట్లాడండి" అని ఆపరేటరు ముందే చెప్పేది. ఎస్టీడీ వచ్చాక ఆ ఎదురుచూపు పోయింది, ఆ మాట కూడా పోయింది. గంట మోగుతుంది, అవతల ఎవరో దేవుడికే తెలియాలి.

ఆ లోటు తీర్చాలని చూసినవాళ్లలో థియడోర్ పరస్కెవాకోస్ అనే గ్రీకు ఇంజనీరు ఒకాయన. 1968లో ఏథెన్స్‌లో ఉద్యోగం చేస్తూనే, ఫోను చేసినవాళ్ల నంబరు అందుకునేవాళ్లకి కనపడేలా చెయ్యడం మీద పని మొదలుపెట్టాడు. 1973లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఫోన్ కంపెనీలు దాన్ని ఇళ్లల్లోకి తేవడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. 1980ల చివర్లో న్యూజెర్సీలో ఇళ్లకి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇక్కడే మన ఆడవాళ్లం తెలుసుకోవాల్సిన సంగతి ఉంది. ఈ సౌకర్యం వచ్చీరాగానే అమెరికాలో పెద్ద వాదన నడిచింది. అర్ధరాత్రి ఫోన్ చేసి అసభ్యంగా వాగేవాళ్లకి ఇది కళ్లెం అని ఒక పక్షం. మొగుడి దెబ్బలు తప్పించుకుని ఆశ్రయాల్లో తలదాచుకున్న ఆడవాళ్లు పిల్లల గొంతు వినడానికి ఇంటికి ఫోన్ చేస్తే, ఎక్కడున్నారో ఆ నంబరే పట్టిస్తుంది కదా అని ఇంకో పక్షం. రెండూ ఆడవాళ్ల క్షేమం కోసమే, రెండూ నిజమే. పెన్సిల్వేనియాలో అయితే ఇది రాష్ట్ర చట్టానికి విరుద్ధమని 1990లో కోర్టు చెప్పింది, 1992లో పై కోర్టూ అదే మాట అంది. చివరికి, కావాలనుకున్నవాళ్లు తమ నంబరు కనపడకుండా ఉచితంగా దాచుకోవచ్చనే ఏర్పాటుతో 1995లో దేశమంతటికీ నిబంధనలు వచ్చాయి. మన దగ్గర మాత్రం నంబరు దాచుకునే వీలు మామూలు జనానికి ఇవ్వలేదు.

ఇక మా ఇంటికి వస్తాను. మాది తెనాలి. ఫోను కోసం అర్జీ పెట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన ఇళ్లల్లో మాదీ ఒకటి. అంతకుముందు మాకు పక్కింటివాళ్ల పీపీ నంబరే దిక్కు. ఫోనొస్తే గోడ మీంచి కేకేసేవాళ్లు. మా ఇంటికి ఫోనొచ్చిన రోజున అమ్మ దానికి బొట్టు పెట్టింది. అప్పటికే అక్కకి పెళ్లై ఒంగోలు వెళ్లింది. నేను 2001లో డిగ్రీ రెండో ఏడు, బీఏ తెలుగు.

ఆ ఏడాది వేసవి తర్వాత బ్లాంక్ కాల్స్ మొదలయ్యాయి. వారానికి రెండు మూడు. ఎప్పుడొచ్చినా సాయంత్రం నాలుగూ అయిదూ మధ్యే. నాన్న ఎత్తి "హలో, ఎవరూ?" అంటే పెట్టేసేవాళ్లు. నాన్న గొంతు పెద్దది, ఆయన మామూలుగా పలికినా కసిరినట్టే ఉంటుంది. నాలుగు వారాలు గడిచేసరికి ఆయన చూపు నా మీదకి తిరిగింది. నేను కాలేజీ నుంచి వచ్చే వేళ, ఫోను మోగే వేళ ఒకటే కదా మరి!

ఆయన నన్ను ఒక్క మాటా అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్ని. ముందు డయల్‌కి చిన్న తాళం పడింది. తర్వాత ఫోను మోగితే నేను ఎత్తకూడదన్నారు. తర్వాత ఒకరోజు భోజనాల దగ్గర, "రెండో ఏడుతో చాలేమో, సంబంధాలు చూద్దాం" అని అమ్మతో అన్నారు. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. అన్నం సహించలేదు. చెయ్యని తప్పుకి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేను?

"కాలర్ ఐడీ పెట్టించండి, తేలిపోతుంది" అన్నది మా బాబాయి. నాన్న వెంటనే ఒప్పుకున్నారు, తన అనుమానమే నిజమవుతుందని. ఎక్స్ఛేంజికి అర్జీ రాసింది నేనే, తెలుగు బాగా రాస్తానని! దానికి రెండూ ఉండాలి. ఎక్స్ఛేంజిలో మన లైనుకి ఆ సౌకర్యం ఇవ్వాలి, మన ఇంట్లో నంబరు చూపించే ఫోనుండాలి. ఒకటుండి ఒకటి లేకపోతే తెర ఖాళీగానే ఉంటుంది. నాన్న గుంటూరు వెళ్లి మీటల ఫోను కొనుక్కొచ్చారు. పెన్సిల్ సెల్సు వేసి, తేదీ, టైము దిద్దారు. టైము తప్పుంటే ఏ కాల్ ఎప్పుడొచ్చిందో తెలియదు, సెల్సు అయిపోతే కొన్ని ఫోన్లలో లిస్టంతా చెరిగిపోతుంది. అవి కారి పాడు చెయ్యకుండా ఏడాదికోసారి మార్చడం మంచిది.

అంతా పెట్టినా మొదటి వారం తెర మీద ఒక్క నంబరూ పడలేదు. ఫోను మంచిది కాదని నాన్న విసుక్కున్నారు. అప్పుడు లైన్‌మన్ వచ్చి చూసి నవ్వాడు. "మీరు మొదటి రింగుకే ఎత్తేస్తున్నారు సార్. నంబరు మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య వస్తుంది. రెండో రింగు దాకా ఆగండి" అన్నాడు. ఆ కాస్త నిశ్శబ్దంలోనే ఎక్స్ఛేంజి నంబరుని సన్నటి ధ్వని సంకేతాలుగా పంపుతుందిట. కొన్ని ఎక్స్ఛేంజీల్లో మొదటి రింగుకి ముందే పంపే పద్ధతీ ఉండేది. అందుకే రెండు పద్ధతులూ తెలిసిన ఫోన్లే మన బజార్లో ఎక్కువగా అమ్మేవాళ్లు.

ఆ శుక్రవారం నాలుగున్నరకి ఫోను మోగింది. నాన్న చెయ్యి దాకా వెళ్లి ఆగింది. రెండో రింగు. తెర మీద అంకెలు పడ్డాయి. 08592తో మొదలైంది. అది ఒంగోలు కోడు.

ఎత్తేలోపే ఆగిపోయింది. నాన్న తాళం అవసరం లేని ఆ కొత్త ఫోనులోంచి అదే నంబరుకి చేశారు. "ఎస్టీడీ బూత్ అండీ" అన్నాడు అవతలాయన. ఇప్పుడు చేసిందెవరు బాబూ అని అడిగితే, "ఒకమ్మాయి వస్తుంటుందండీ, కూరగాయల సంచీతో. నంబరు కొడుతుంది, మాట్లాడకుండానే పెట్టేసి వెళ్లిపోతుంది. ఇప్పుడే వెళ్లింది" అన్నాడు.

నాన్న రిసీవరు పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడ్డారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "పెద్దదేనా?" అంది. అమ్మకి అడక్కుండానే తెలిసింది.

అక్క అమ్మతో మాట్లాడాలని చేసేది. నాన్న గొంతు వినగానే భయమో, బాధపెట్టడం ఇష్టంలేకనో పెట్టేసేది. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఇక్కడ రాయను, అది అక్క చెప్పుకోవాల్సిన కథ. వాళ్లింట్లో ఫోనుంది కానీ అందులో మాట్లాడితే నలుగురూ వింటారు. అందుకే నాన్న వాళ్లింటికి ఫోన్ చేస్తానంటే అమ్మ ఒద్దంది. "అడిగితే దాన్నే అంటారు. వెళ్లండి" అంది. మర్నాడు పొద్దున్న రైలుకే నాన్న వెళ్లారు. సాయంత్రానికి అక్కని వెంటబెట్టుకొచ్చారు. తర్వాత అక్క బీఈడీ చేసింది, ఇప్పుడు టీచరు.

నాన్న నాకు తప్పైందని చెప్పలేదు. ఆ తరం మగవాళ్లు చెప్పరు. కానీ పాత ఫోను తాళంచెవి తెచ్చి నా పుస్తకాల మీద పెట్టి వెళ్లారు. సంబంధాల మాట డిగ్రీ అయ్యేదాకా మళ్లీ ఎత్తలేదు.

ఆలోచిస్తే అమెరికా వాదనలోని రెండు పక్షాలూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఆ తెర నన్ను కాపాడింది, అక్కని బయటపెట్టింది. అది చూసినవాళ్లు అక్క మంచి కోరేవాళ్లు కాబట్టి సరిపోయింది. అదే అంకెలు వేరేవాళ్ల కంట పడితే? అందుకే కష్టంలో ఉన్న ఆడపిల్లకి మనం తిరిగి ఫోన్ చేసేముందు ఒక్క క్షణం ఆగాలి. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో, లిస్టులో మన పేరు ఎవరు చూస్తారో ఆలోచించాలి. ఆమె చెప్పిన వేళకి, ఆమె చెప్పిన నంబరుకే చెయ్యాలి. అత్యవసరమైతే 112, ఆడవాళ్ల సహాయానికి 181 ఉన్నాయి.

ఇప్పటికీ ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్లకి రెండు మాటలు. ఫోను తీగలో ఎప్పుడూ 48 వోల్టుల దాకా కరెంటు ఉంటుంది, మోగేటప్పుడు ఇంకా ఎక్కువ. తడి చేతులతో ఊడిన తీగల్ని ముట్టుకోకండి. ఉరుములూ మెరుపులప్పుడు తీగ ఫోన్లో మాట్లాడకండి, మబ్బు పట్టగానే ప్లగ్గు తీసెయ్యండి. ఆ తీగ మీదే ఇంటర్నెట్ వచ్చే ఇళ్లల్లో, చిన్న స్ప్లిట్టర్ డబ్బా లేకుండా ఫోను తగిలిస్తే గరగర శబ్దం వచ్చి నంబరు కూడా పడదు.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త ఇంకోటుంది. తెర మీద పడేది నంబరే గానీ మనిషి కాదు. ఇవాళ ఇంటర్నెట్ ద్వారా ఏ నంబరు కావాలంటే ఆ నంబరు కనపడేలా మోసగాళ్లు చెయ్యగలరు. పోలీస్ స్టేషన్ నంబరు పడిందనో, బ్యాంకు పేరు పడిందనో నమ్మేసి ఓటీపీ చెప్పకండి. "డిజిటల్ అరెస్టు" అని బెదిరిస్తే పెట్టెయ్యండి, ఫోన్లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు. బ్యాంకుకి మీరే, పాసుపుస్తకం మీదున్న నంబరుకి చేసి కనుక్కోండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి చెయ్యండి. చేసినవాళ్ల పేరు కూడా అందరికీ కనపడేలా చెయ్యాలని 2024లో ట్రాయ్ సిఫార్సు చేసింది. మంచిదే. కానీ పేరు చూసినా, నంబరు చూసినా, అవతలివాళ్ల సంగతి తేల్చుకోవాల్సింది మనమే.

ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. విని, "మరి పెద్దమ్మ నీకు మెసేజ్ పెట్టలేకపోయిందా?" అని అడగబోయి, తనే నాలుక్కరుచుకుంది. రాత్రి పడుకునేముందు చూస్తే ఫోను తిరగేసి పెట్టలేదు. పొద్దున్న మోగిన నంబరుకి "ఎవరండీ?" అని తనే మెసేజ్ పెట్టింది. కొరియర్ అబ్బాయిట, గేటు దగ్గర నిలబడి చేశాట్ట.