జఠరవ్రణం – ప్రత్యక్ష ప్రమాణం

గీతలోని పదునైదవ అధ్యాయంలో భగవానుడు తానే వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహాలలో నిలిచి అన్నాన్ని పచనం చేస్తున్నానని తెలిపాడు. ఆ అగ్నికి స్థానమైన జఠరంలో వ్రణం ఏర్పడితే అన్నమే వేదనకు హేతువవుతుంది. పూర్వవైద్యులు ఈ బాధను ఎరుగుదురు. అన్నం జీర్ణమయ్యే వేళ పుట్టే నొప్పిని మాధవకరుడు తన నిదానగ్రంథంలో పరిణామశూలగా వేరుచేసి వర్ణించాడు. నేడు అల్సర్ అని పిలిచే వ్యాధి లక్షణాలు కొన్ని అందులో గోచరిస్తాయి.

ఇరవయ్యవ శతాబ్దంలో పాశ్చాత్య వైద్యులు ఆమ్లాధిక్యం, మనోవ్యాకులత, కారపు భోజనం దీనికి కారణాలని విశ్వసించారు. పాలు, చప్పిడి పథ్యం, విశ్రాంతి విధించేవారు. వ్యాధి ముదిరితే జఠరంలో కొంత భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగించేవారు. 1970ల చివర ఆమ్లస్రావాన్ని తగ్గించే సిమెటిడిన్ వచ్చింది. దానితో వ్రణం మానేది. ఔషధం ఆపితే అనేకులకు తిరగబెట్టేది. తన చింతయే తనను దహిస్తున్నదని రోగి ఆత్మనింద చేసుకునేవాడు.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు రోగుల జఠరపు పొరపై వంకర తిరిగిన సూక్ష్మజీవులను చూశాడు. ఆమ్లంలో క్రిమి జీవించజాలదన్నది నాటి పండితాభిప్రాయం. యువవైద్యుడు బారీ మార్షల్ ఆయనకు తోడయ్యాడు. క్రిమిని పెంచే యత్నాలు మొదట విఫలమయ్యాయి. రెండు దినాలకే పాత్రలను పారవేయడమే అందుకు కారణం. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల అవి మరికొన్ని దినాలు ఉండిపోగా క్రిములు వృద్ధిచెంది కనిపించాయి. అయినా లోకం నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిమిద్రవాన్ని స్వయంగా పానం చేశాడు. కొద్ది దినాలకే వాంతులు మొదలయ్యాయి. పరీక్షలో జఠరశోథ, క్రిములు రెండూ కనిపించాయి. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ పురస్కారం లభించింది.

ఆ క్రిమియే హెలికోబాక్టర్ పైలోరీ. ఆమ్లాన్ని తగ్గించే ఔషధంతో పాటు రెండు యాంటీబయాటిక్ మందులను, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, సాధారణంగా 14 దినాలు ఇస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు. ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వ్రణానికి మరొక ప్రధాన హేతువు. మలం నల్లగా మారినా, వాంతిలో రక్తం కనిపించినా తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. వ్రణపీడితులు వైద్యుని అడిగిన పిదపనే ఉపవాసదీక్ష పూనడం శ్రేయస్కరం.

ప్రత్యక్షానికి విరుద్ధమైన విషయంలో శ్రుతి సైతం ప్రమాణం కాజాలదని శంకర భగవత్పాదులు గీతాభాష్యంలో నిర్ణయించారు. పెర్త్ వైద్యులు పాటించినదీ ఆ మార్గమే. కనుక వ్రణం కలిగినవాడు దానిని తన మనోదోషానికి శిక్షగా భావించనక్కరలేదు. చికిత్స గైకొని దేహాన్ని కాపాడుకోవడమూ ధర్మసాధనమే.

స్వస్తి.