పెద్దపేగు క్యాన్సర్ కీమోథెరపీకి తోడుగా చైనా కషాయాలు: ఎలుకల నుంచి రోగుల దాకా

పెద్దపేగు క్యాన్సర్, చైనా మూలికలు అనగానే రెండు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. మూలిక కణితిని తగ్గిస్తుందా అన్నది ఒకటి, కీమోథెరపీ పెట్టే బాధను తగ్గిస్తుందా అన్నది మరొకటి. ఈ వ్యాసం రెండోదానికే పరిమితం.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ మందు ఇరినోటికాన్‌నే తీసుకుందాం. దీనికి మూలమైన క్యాంప్టోథెసిన్‌ను 1966లో మన్రో వాల్, మన్‌సుఖ్ వనీ ఒక చైనా చెట్టు నుంచి వేరుచేశారు. పడమటి కనుమల్లో పెరిగే మరో చెట్టులోనూ అది ఉందని ఆ తర్వాత తేలింది. మూలిక వేరు, మందు వేరు అన్న వాదన ఇక్కడ మొదట్లోనే నిలవదు. ఒంట్లోకి వెళ్ళిన ఇరినోటికాన్ ఎస్‌ఎన్-38గా మారి కణితి మీద పనిచేస్తుంది. కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, పదును తీసేసి, పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. పేగులోని బ్యాక్టీరియా బీటా-గ్లూకురోనిడేజ్ అనే ఎంజైముతో ఆ ఆమ్లాన్ని ఊడగొడుతుంది. మందు మళ్ళీ పదునెక్కి పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. కొన్ని రోజులకు విరేచనాలు మొదలవుతాయి. విరేచనాలను ఆపే మందు లోపెరమైడ్‌కు అవి లొంగకపోతే మోతాదు తగ్గించాలి, లేదా మందే ఆపాలి.

సుమారు 1800 ఏళ్ళ కిందటి ‘షాంగ్ హాన్ లున్’ గ్రంథంలో విరేచనాలకు చెప్పిన కషాయం హువాంగ్ చిన్ టాంగ్. అందులో హువాంగ్ చిన్ వేరు, పియోనీ వేరు, అతిమధురం, రేగుపండు ఉంటాయి. యేల్ విశ్వవిద్యాలయంలో యుంగ్-చీ చెంగ్ బృందం దీన్ని పీహెచ్‌వై906 పేరుతో పరిశోధనకు తెచ్చింది. 2010లో వెలువడిన వారి ఎలుకల ప్రయోగంలో కణితి మీద ఇరినోటికాన్ పట్టు సడలలేదు. దెబ్బతిన్న పేగు మాత్రం త్వరగా కోలుకుంది. పొరను తిరిగి పుట్టించే కణాలు మళ్ళీ పెరిగాయి, వాపు తగ్గింది. ఈ బృందం చేసిన మరో పని నాకు ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది. ఒక విడత కషాయానికీ మరో విడతకూ తేడా రాకుండా ప్రతి తయారీ రసాయన స్వరూపాన్నీ సరిపోల్చే పద్ధతిని వారు పెట్టుకున్నారు. ఆ జాగ్రత్త లేనిచోట ఫలితం ఏ కషాయానిదో చెప్పడమే కష్టం. పైగా అతిమధురం ఎక్కువైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. విరేచనాలూ ఆ పనే చేస్తాయి.

ఎలుకల్లో ఇంత చక్కగా కుదిరింది కాబట్టి రోగుల్లోనూ కుదురుతుందనుకోవచ్చా? దీనికి జపాన్ అనుభవం గట్టి హెచ్చరిక. అక్కడి కాంపో వైద్యం చైనా వైద్యం నుంచి ఎదిగిందే. ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమోథెరపీ మందు తీసుకునేవారికి చల్లటి నీళ్ళు తగిలితే వేళ్ళు జివ్వుమంటాయి. మోతాదులు పెరిగేకొద్దీ చొక్కా గుండీ పెట్టుకోవడమూ కష్టమవుతుంది. దీనికి గోషాజింకిగాన్ అనే పది ద్రవ్యాల మందును పరీక్షించారు. ఎలుకల్లో ఆశ కనిపించింది. 89 మందితో జరిగిన రెండో దశ పరీక్షలో ఒక స్థాయి దాటిన తిమ్మిర్లు మందు వాడినవారిలో 39 శాతం, ఉత్తుత్తి మందు వాడినవారిలో 51 శాతం. తేడా గణాంకపరంగా తేలకపోయినా ఉత్సాహం నిలిచింది. మూడో దశలో 182 మంది ఫలితాలు మధ్యలో చూసేసరికి లెక్క తిరగబడింది: మందు వాడినవారిలో 50.6 శాతం, ఉత్తుత్తి మందు వాడినవారిలో 31.2 శాతం. పరీక్ష అక్కడితో ఆపేశారు.

2005 నాటి కాక్రేన్ సమీక్షకు పెద్దపేగు క్యాన్సర్ రోగులతో జరిగిన నాలుగే పరీక్షలు దొరికాయి, అవన్నీ నాణ్యత తక్కువవే. హువాంగ్ చీ అనే మరో మూలిక కషాయాలతో వికారం, వాంతులు తగ్గవచ్చన్న సూచన మాత్రం వాటిలో ఉంది. సూచన అన్నదాన్ని సూచనగానే చదవాలి.

హువాంగ్ చిన్ టాంగ్ విషయంలో నా అభ్యంతరం కషాయం మీద కాదు, దాన్ని అప్పుడే నమ్మేయడం మీద. దానికి ఎలుకల్లో కనిపించిన మేలు, మనుషుల్లో జరిగిన చిన్న పరీక్షలు ఉన్నాయి. గోషాజింకిగాన్‌కూ మూడో దశకు ముందు సరిగ్గా ఇవే ఉన్నాయి.