డిచ్‌పల్లి విక్టోరియా ఆసుపత్రి: కుష్ఠు పరిశోధనలో మూడు దశలు

వ్యాస సంగ్రహం

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో వెలసిన విక్టోరియా కుష్ఠు ఆసుపత్రిని స్థానిక చరిత్రలో సేవాసంస్థగా స్మరించడం పరిపాటి. అక్కడ పనిచేసిన వైద్యులు ప్రపంచ కుష్ఠు విజ్ఞానానికి చేర్చిన అంశాలు అంతగా చర్చకు రాలేదు. ఇసబెల్ కెర్, జాన్ లోవ్, ఫ్రాంక్ డేవీ అనే ముగ్గురు వైద్యుల పరిశోధనా రంగాలను వరుసగా పరిశీలించి, చికిత్స, ఔషధం, వ్యాప్తి అనే మూడు ప్రశ్నలు ఆ ఆసుపత్రితో ఎలా ముడిపడ్డాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. రోగిని వెలివేయడానికి సమాజం చూపిన కారణాలకు, పరిశోధనలో తేలిన విషయాలకు మధ్య ఉన్న దూరాన్ని కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: డిచ్‌పల్లి, నిజామాబాద్, కుష్ఠు, విక్టోరియా ఆసుపత్రి, డాప్సోన్, వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

నిజామాబాద్ ప్రాంత ఆధునిక చరిత్ర అనగానే నిజాంసాగర్ జలాశయం, బోధన్ చక్కెర కర్మాగారం ముందుగా గుర్తుకు వస్తాయి. మాక్లూర్ మొదలుకొని బోధన్ వరకు పల్లెల ఆర్థిక జీవితాన్ని మార్చినవి ఆ రెండే. నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. చక్కెర కర్మాగారం ఆ దశాబ్దం చివరి భాగంలో వచ్చింది. వాటికంటే ముందే, కాలువలూ చెరకూ లేని రోజులలో, పట్టణానికి చేరువలోని డిచ్‌పల్లిలో ఒక వైద్యసంస్థ మొదలైంది.

ఆ సంస్థను గురించి చెప్పేవారు ఎక్కువగా దాతృత్వాన్ని, మిషనరీల త్యాగాన్ని ప్రస్తావిస్తారు. అది వాస్తవమే కాని సంపూర్ణం కాదు. ఆసుపత్రిలో రోగులను ఆదరించడంతోపాటు వ్యాధిని ప్రశ్నించడమూ జరిగింది. ఆ ప్రశ్నల చరిత్రను విడిగా చూస్తేనే దాని స్థానం అర్థమవుతుంది.

2. వ్యాధి గురించిన పూర్వ అవగాహన

కుష్ఠును మన పల్లెలలో ‘పెద్దరోగం’, ‘మహారోగం’ అని పిలిచేవారు. పేరు పలకడానికే జంకే స్థితి ఆ మాటలలో ఉంది. పూర్వజన్మ పాపఫలమనే భావన ఒకవైపు, వంశపారంపర్యమనే నమ్మకం మరొకవైపు రోగిని కుటుంబం నుంచి దూరం చేశాయి. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించడంతో వంశపారంపర్య వాదం బలహీనపడింది. అయితే ఆ ఆవిష్కరణ రోగికి వెంటనే మేలు చేయలేదు. అంటువ్యాధి అని తేలగానే నిర్బంధ వాదం బలపడింది. బ్రిటిష్ ఇండియాలో 1898లో వచ్చిన కుష్ఠురోగుల చట్టం దిక్కులేని రోగులను పట్టుకొని ఆశ్రమాలలో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది.

మందుల విషయానికి వస్తే, సుశ్రుత సంహిత కుష్ఠు చికిత్సలో తువరక తైలాన్ని చెప్పింది. పడమటి కనుమలలో పెరిగే ఆ చెట్టు శాస్త్రీయ నామం హిడ్నోకార్పస్. గింజల నుంచి తీసే ఈ నూనెను, దీనికి దగ్గరి చాల్‌మోగ్రా నూనెను శతాబ్దాలుగా వాడారు. లోపలికి తీసుకుంటే వికారం, వాంతులు కలిగించడం వీటి పెద్ద లోపం. మందు తెలిసినా రోగి దానిని ఎక్కువకాలం సేవించలేకపోయేవాడు.

3. ఇసబెల్ కెర్: ఆశ్రయం నుంచి చికిత్సకు

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండ్‌లో జన్మించారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసి 1903లో పట్టా పొందారు. భర్త జార్జ్ కెర్ మెథడిస్ట్ మతబోధకులు. 1907లో ఈ దంపతులు హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. నిజామాబాద్‌లో వైద్యం మొదలుపెట్టిన ఇసబెల్‌కు కుష్ఠురోగులకు ఎక్కడా చోటు లేదని త్వరలోనే తెలిసింది. 1911లో ఒక చిన్న కేంద్రం ప్రారంభించారు. వచ్చేవారి సంఖ్యకు అది చాలలేదు. హిందూ దాత రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి ఏర్పడింది. క్రైస్తవ వైద్యురాలు, హిందూ దాత, ముస్లిం పాలకుని రాజ్యం ఈ సంస్థ పుట్టుకలో కలిశాయని గమనించవచ్చు.

ఆ దశలో ప్రపంచమంతటా వైద్యులు ఒకే చిక్కుముడి విప్పడానికి ప్రయత్నిస్తున్నారు. కడుపులో ఇమడని నూనెను దేహంలోకి ఎలా పంపాలి? హవాయిలో ఆలిస్ బాల్ అనే యువ రసాయన శాస్త్రవేత్త చాల్‌మోగ్రా నూనెను ఇథైల్ ఎస్టర్ల రూపంలోకి మార్చి, సూదిమందుగా ఇచ్చే మార్గం చూపి 1916లోనే మరణించారు. కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ ఆ నూనెలలోని ఆమ్లాల నుంచి సోడియం లవణాలు తయారుచేసి ఇంజెక్షన్లుగా ఇచ్చారు. 1920 తరువాత కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ పాఠశాలలో ఎర్నెస్ట్ మ్యూర్ ఆ చికిత్సను మెరుగుపరిచారు. కుష్ఠుతోపాటు రోగి దేహంలో ఉన్న మలేరియా, కొంకిపురుగు వంటి ఇతర రుగ్మతలను కూడా నయం చేయాలని, ఆహారం, వ్యాయామం అవసరమని ఆయన పట్టుబట్టారు.

ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో ఈ పద్ధతిని అమలుచేశారు. ఆమె పని కొత్త రసాయనాన్ని కనుగొనడం కాదు. ప్రయోగశాలలో తేలిన పద్ధతి గ్రామీణ రోగుల మధ్య నిలుస్తుందా అన్నది ఆమె ముందున్న ప్రశ్న. వారాల తరబడి, నెలల తరబడి సూదిమందు ఇస్తూ, మచ్చల మార్పును గమనిస్తూ, వ్యాధి తొలిదశలో ఉన్నవారిని ఇళ్లకు పంపగలగడమే దానికి సమాధానం. చావుదాకా ఉండే చోటుగా భావించిన ఆశ్రమం నుంచి మనిషి నడిచి ఇంటికి వెళ్లడం ఆనాటి సమాజానికి కొత్త దృశ్యం. 1923లో ఈ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. ఇసబెల్ 1932లో కన్నుమూశారు.

హిడ్నోకార్పస్ చికిత్స పరిమితులను కూడా ఇక్కడ చెప్పాలి. కుష్ఠు కొందరిలో దానంతటదే తగ్గుముఖం పట్టే వ్యాధి. చికిత్స పొందని రోగులతో పోల్చి చూడనిదే మందు వలన ఎంత మేలు కలిగిందో నిర్ధారించడం కష్టం. సూక్ష్మజీవులు దండిగా ఉన్న రోగులకు ఆ నూనె పెద్దగా ఉపకరించలేదు. అయినా ‘నయం కావచ్చు’ అన్న ఆశ వల్ల రోగులు తొలిదశలోనే బయటపడి వైద్యునివద్దకు రావడం మొదలైంది. నిర్బంధ చట్టం సాధించలేని పని అది.

4. జాన్ లోవ్: సూదిమందు నుంచి మాత్రకు

1920లలో డిచ్‌పల్లికి వచ్చిన వైద్యుడు జాన్ లోవ్. కుష్ఠురోగులతో ఆయన దీర్ఘ పరిచయం ఇక్కడే మొదలైంది. అనంతరం ఆయన కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ పాఠశాలకు వెళ్లి, ధర్మేంద్రతో కలిసి లెప్రోమిన్ పరీక్షపై అధ్యయనాలు ప్రచురించారు. చనిపోయిన కుష్ఠు సూక్ష్మజీవులతో చేసిన ద్రవాన్ని చర్మంలోకి ఎక్కిస్తే దేహం ఎలా స్పందిస్తుందో చూసే పరీక్ష ఇది. వ్యాధి ఉందో లేదో ఇది చెప్పదు. సూక్ష్మజీవిని ఎదిరించే శక్తి రోగిలో ఎంత ఉందో సూచిస్తుంది. ఒకే సూక్ష్మజీవి ఒకరిలో చిన్న మచ్చగా, మరొకరిలో దేహమంతా వ్యాపించిన వ్యాధిగా ఎందుకు కనిపిస్తుందో అర్థం చేసుకోవడానికి ఇది తోడ్పడింది.

1941లో అమెరికాలోని కార్‌విల్‌లో గై ఫేజెట్ ప్రోమిన్ అనే సల్ఫోన్ మందును సిరలోకి ఎక్కించి మంచి ఫలితాలు సాధించారు. అయితే అది ఖరీదైనది. రోజూ సూది పొడిచే వైద్య సిబ్బంది లేని దేశాలకు అందనిది. ఈ మందులన్నింటికీ మూలపదార్థమైన డాప్సోన్ 1908లోనే తయారైంది. అది మనుషులకు మరీ విషతుల్యమని అప్పటివరకు భావించారు. మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ దానిని నూనెలో కలిపి ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు.

జాన్ లోవ్ 1940ల చివరలో నైజీరియాలోని ఉజుఆకోలి కుష్ఠు కేంద్రానికి వెళ్లారు. ఖరీదైన సల్ఫోన్లు దేహంలో కొంతమేరకు డాప్సోన్‌గా మారి పనిచేస్తున్నట్లయితే, ఆ మూలపదార్థాన్నే తక్కువ మోతాదులో నోటిద్వారా ఎందుకు ఇవ్వకూడదు? అంతకుముందు కలిగిన విషప్రభావానికి పదార్థం కాక మోతాదు కారణం కావచ్చు. 1949, 1950 సంవత్సరాలలో ఆయన ప్రచురించిన ఫలితాలు ఈ ఆలోచనను బలపరిచాయి. రోజుకు 100 మిల్లీగ్రాముల స్థాయిలో డాప్సోన్ మాత్ర సురక్షితంగా, సమర్థంగా పనిచేసింది.

దీని ఫలితం వైద్యశాస్త్రానికే పరిమితం కాలేదు. చవకైన మాత్రను సంచిలో వేసుకొని ఆరోగ్య కార్యకర్త పల్లెకు వెళ్లగలడు. రోగి ఇల్లు విడవనక్కరలేదు. మనదేశంలో 1955లో ప్రారంభమైన జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమానికి డాప్సోన్ ఆధారమైంది. లోవ్ అదే సంవత్సరం మరణించారు. ఆయన పేరు నైజీరియాతో ముడిపడినా, ఆయన కుష్ఠు వైద్యజీవితానికి తొలి మజిలీ తెలంగాణలోనిది.

5. ఫ్రాంక్ డేవీ: సూక్ష్మజీవి వెలువడే దారి

ఉజుఆకోలి కేంద్రానికి 1936లో వెళ్లి రెండు దశాబ్దాలకు పైగా పనిచేసిన వైద్యుడు ఫ్రాంక్ డేవీ. లోవ్ పరిశోధన ఆయన కేంద్రంలోనే జరిగింది. లోవ్ డిచ్‌పల్లి నుంచి కలకత్తా మీదుగా ఉజుఆకోలికి వెళ్లగా, డేవీ ఉజుఆకోలి అనుభవంతో 1960ల చివర డిచ్‌పల్లికి వచ్చారు.

అప్పటికి ఔషధం ఉంది. వ్యాధి ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం స్పష్టం కాలేదు. చర్మస్పర్శే ప్రధాన మార్గమని సాధారణ విశ్వాసం. ముక్కులోనూ సూక్ష్మజీవులు ఉంటాయని 1898లోనే షాఫర్ గుర్తించినా, ఆ విషయం మరుగున పడింది. డేవీ డిచ్‌పల్లి ఆసుపత్రిలో, చికిత్స ఇంకా మొదలుకాని లెప్రోమాటస్ రోగుల ముక్కు స్రావాన్ని సేకరించి లెక్కించారు. లెప్రోమాటస్ అంటే దేహంలో సూక్ష్మజీవులు అత్యధికంగా ఉండే వ్యాధి రూపం.

కుష్ఠు సూక్ష్మజీవి ప్రయోగశాల పాత్రలలో పెరగదు. కనిపించిన జీవులు బతికి ఉన్నవో చచ్చినవో తెలుసుకోవడానికి చిట్టెలుక పాదంలో ఎక్కించి చూసే పద్ధతిని 1960లో షెపర్డ్ రూపొందించారు. లండన్‌లో ఆ పద్ధతిని అభివృద్ధి చేసిన రీస్‌తో డేవీ చేయి కలిపారు. వారిద్దరూ 1974లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, చికిత్స పొందని లెప్రోమాటస్ రోగి ముక్కు స్రావంలో రోజుకు కోటి వరకు సజీవ సూక్ష్మజీవులు వెలువడవచ్చు. ఆరిన స్రావంలో సైతం అవి కొంతకాలం బతికి ఉండగలవని కూడా వారు చూపారు.

వ్యాప్తి వివరాలపై శాస్త్రచర్చ నేటికీ సాగుతోంది. అయితే ముక్కు ప్రధాన నిర్గమ మార్గమన్న అంశం అప్పటినుంచి కుష్ఠు పాఠ్యగ్రంథాలలో స్థిరపడింది. అందుకు ఆధారమైన నమూనాలు నిజామాబాద్ జిల్లా ఆసుపత్రికి వచ్చిన రోగులవి. పరిశోధనా వ్యాసంలో వారి పేర్లు ఉండవు. ముక్కు చీది ఇచ్చిన ఆ అనామకుల సహకారమే ఈ జ్ఞానానికి పునాది.

6. పరిశోధన, సమాజం, చట్టం

డేవీ, రీస్‌ల ఫలితానికి సామాజికార్థం ఉంది. సమాజం భయపడింది రోగి వేళ్లకు, పుండ్లకు, చదునైన ముక్కుకు. నాడులు దెబ్బతిని స్పర్శ పోవడం వలన కలిగే గాయాలవి. అవి సాధారణంగా వ్యాధి ముదిరిన తరువాత మిగిలే గుర్తులు. చికిత్స పూర్తయి, వ్యాపించే శక్తి పోయిన మనిషిలోనూ అవి ఉంటాయి. దీనికి భిన్నంగా, సూక్ష్మజీవులను అత్యధికంగా వెలువరించే రోగి ఒక్కోసారి చూపరులకు ఆరోగ్యవంతుడిలాగే కనిపిస్తాడు. మూసుకుపోయిన ముక్కు, చెవి తమ్మెల మందం వంటి చిన్న లక్షణాలే అతనిలో ఉండవచ్చు. అంటే వెలి పడినవారిలో అధికులు ప్రమాదం లేనివారు. కంటికి కనిపించే వైకల్యాన్ని బట్టి మనిషిని దూరం పెట్టడం నీతిరీత్యానే కాక శాస్త్రరీత్యా కూడా తప్పని ఆ లెక్కలు రుజువు చేశాయి.

ఔషధ చరిత్రలో ఒక మలుపు దీనికి తోడైంది. 1964లో మలేసియాలో పెటిట్, రీస్ డాప్సోన్‌కు లొంగని సూక్ష్మజీవులను నిరూపించారు. ఒకే మందుపై ఆధారపడరాదని తేలింది. రిఫాంపిసిన్, క్లోఫజిమైన్, డాప్సోన్ కలిపి ఇచ్చే బహుళౌషధ చికిత్సను 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం సూచించింది. రిఫాంపిసిన్ తొలి మోతాదులతోనే సూక్ష్మజీవుల్లో అత్యధిక భాగం నశిస్తుంది. 1983లో మన జాతీయ కార్యక్రమం ‘నిర్మూలన’ పేరు ధరించింది. 2005 చివరకు దేశవ్యాప్తంగా పదివేల జనాభాకు ఒకరికంటే తక్కువ రోగులు అనే లక్ష్యం చేరినట్లు ప్రకటించారు. ఆ లెక్క వ్యాధి అంతరించిందని అర్థం కాదు. ఆ తరువాత కూడా దేశంలో ఏటా పెద్ద సంఖ్యలో కొత్త రోగులు నమోదవుతూ వచ్చారు.

చట్టం మరింత ఆలస్యంగా కదిలింది. 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను పార్లమెంటు 2019లో వ్యక్తిగత చట్టాల నుంచి తొలగించింది. డాప్సోన్ మాత్ర పనిచేస్తుందని తేలిన తరువాత దాదాపు 70 ఏళ్లపాటు, నయమయ్యే ఈ వ్యాధి వివాహాన్ని రద్దుచేయగల కారణంగా కొనసాగింది.

7. ముగింపు

డిచ్‌పల్లి ఆసుపత్రితో ముడిపడిన ముగ్గురు వైద్యుల కృషిలో ఒక క్రమం కనిపిస్తుంది. రోగికి చికిత్స అందించడం సాధ్యమేనా అని ఇసబెల్ కెర్ పరీక్షించారు. ఆ చికిత్స పేదవాని ఇంటికి చేరే రూపాన్ని జాన్ లోవ్ స్థాపించారు. వ్యాధి ఎక్కడినుంచి వెలువడుతుందో ఫ్రాంక్ డేవీ లెక్కించి చూపారు. ఒక్కొక్క అడుగుతో రోగిని బంధించవలసిన అవసరం తగ్గుతూ వచ్చింది.

ఈ చరిత్రను మిషనరీ సేవా గాథగా మాత్రమే చదివితే పరిశోధన కనుమరుగవుతుంది. విదేశీ వైద్యుల విజయంగా మాత్రమే చదివితే రోగులు కనుమరుగవుతారు. నిజామాబాద్ ప్రాంత చరిత్ర రచనలో జలాశయానికి, చక్కెర కర్మాగారానికి ఉన్న స్థానం ఈ ఆసుపత్రికీ దక్కాలి. ఈనాడు తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నది డిచ్‌పల్లిలోనే. ఆసుపత్రి పాత దస్తావేజులు, రోగుల, సిబ్బంది కుటుంబాల మౌఖిక జ్ఞాపకాలు సేకరించి భద్రపరచడం అక్కడి చరిత్ర విద్యార్థులు చేపట్టదగిన పని. ఆ జ్ఞాపకాలు ఉన్నవారు వృద్ధులు కాబట్టి దానిని వాయిదా వేయడానికి వీలులేదు.